వేపుడు మీద మూత

వేయించిన గుడ్ల మీద పళ్ళెం బోర్లించే మనిషితో ఎలా వేగాలో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. కోపంతో అడగడం లేదు, మామూలుగానే అడుగుతున్నా. సరే, కొంచెం కోపంతోనే.

కార్తీకం అయిపోయింది కదా. మా ఇంట్లో కార్తీకం సంగతి మీకు తెలిసిందే, నియమం పెద్దావిడ ఒక్కరిదే అయినా ఇంటిల్లిపాదీ పాటించాల్సిందే, ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టుకునే చోట నెలంతా నిమ్మకాయలు ఉంటాయి. పోలి పాడ్యమి దీపాలు వదిలి వచ్చారో లేదో, మా చిన్నోడు "నానమ్మా, ఇంక తినొచ్చా?" అని అడగడం, నేను సంచి తీసుకుని అంగడికి పోవడం. నెల్లూరు మొత్తం అదే రోజు గుడ్లు కొంటుందేమో, రేటు ఎగిరి కూర్చుంది. కోళ్ళ రైతుల సంఘం, అదే నెక్ వాళ్ళు పొద్దున్నే ప్రకటించే రేటు ఒకటైతే మా వీధి చివర అంగడాయన చెప్పేది ఇంకొకటి, అడిగితే "పగిలినవి ఎవరి ఖాతాలో రాయమంటావమ్మా" అంటాడు. ఆయన మీద ఇంకో రోజు రాస్తా.

తెచ్చిన రోజే ఉడకబెట్టలేదు. కొత్త గుడ్డు ఒలిస్తే పెంకుతో పాటు సగం గుడ్డు ఊడొస్తుంది, తెల్లసొన లోపలి పొరని అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకుకుండే సన్నటి రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, తెల్లసొనలో క్షారగుణం పెరిగి, ఆ పట్టు వదులుతుంది. చిన్నోడు రోజూ బుట్ట దగ్గర నిలబడి చూసి పోతున్నా నేను కరగలేదు. ఇవాళ సాయంత్రం నీళ్ళు బాగా తెర్లాక గరిటెతో ఒక్కొక్కటే దించా, 11 నిమిషాలు చూసుకుని చన్నీళ్ళలో పడేశా. ఇంకా ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా, బూడిదగా ఒక గీత వస్తుంది, తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి వచ్చే రంగు అది, తింటే ఏమీ కాదు. కానీ దాన్ని చూపించి "పాడైంది" అని పక్కన పెట్టే పిల్లవాడు మా ఇంట్లో ఉన్నాడు.

ఒలిచిన గుడ్లని పాత నూలుగుడ్డతో తుడుస్తా. నవ్వకండి, తడి ఉంటే నూనె మొహాన చిమ్ముతుంది. తర్వాత ఒక్కోదానికి నిలువునా నాలుగు గాట్లు. గాట్లు లేకుండా కాగిన నూనెలో వేస్తే లోపలి ఆవిరికి దారి దొరక్క టప్‌మని పేలుతుంది, కిందటేడు మా ఆడపడుచు వేయించినప్పుడు పడిన మరకలు టైల్స్ సందుల్లో ఇంకా ఉన్నాయి. పసుపు, ఉప్పు రుద్ది, ఇనప బాణలిలో వేసి, ఇక కదపకుండా వదిలేయాలి. ఇక్కడే అందరికీ చెయ్యి ఆగదు. తొందరపడి తిప్పితే తోలు బాణలికే ఉండిపోతుంది, ఓపిక పడితే గుడ్డు తనంతట తనే వదులుతుంది. అప్పుడు తిప్పి చూడండి, అడుగున ముదురు బంగారు రంగు, పైన చిన్న చిన్న బొబ్బలు, గాట్ల అంచులు బయటికి విచ్చుకుని గరిట తగిలితే కరకరమంటాయి. కారం ఆఖర్న, మంట బాగా తగ్గించాకే. ముందేస్తే అది మాడి వీధంతా దగ్గుతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, ఒక రెమ్మ కరివేపాకు, అంతే, దించేశా. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నా కూడా. ఈ వంటలో నాకు దక్కిన సంతోషం అదొక్కటే, దాని గురించి ఇంకేం రాయను.

స్నానం చేసి వచ్చేసరికి బాణలి మీద స్టీలు పళ్ళెం.

ఎత్తి చూస్తే పళ్ళెం లోపలివైపు అంతా నీటి బొట్లు, నేను ఎత్తిన ఊపుకి అవి కాస్తా జారి మళ్ళీ గుడ్ల మీదే. బొబ్బలన్నీ అణిగిపోయాయి, తోలు వానకి తడిసిన అప్పడంలా వేలాడుతోంది, కారం నీరుగారి అడుగున ఎర్రటి మడుగు కట్టింది.

"అత్తయ్యా, వేపుడు మీద మూత పెట్టొద్దని చెప్పా కదా."

"తెరిచి పెడితే ఎట్టా అమ్మాయ్, ఈ వానకి దీపప్పురుగులన్నీ లైటు కాడికే వస్తుండాయి. ఒకటి పడిందంటే ఎవురు తినాల?"

"లైటు ఆపేస్తే సరిపోయేది కదా."

"ఆపితే బల్లి వస్తది."

బల్లికి చీకటి ఉంటేనే తోవ తెలుస్తుందా అని అడిగా. జవాబు చెప్పలేదు, టీవీ సౌండు పెంచారు. పురుగుల మాట అబద్ధం కాదు, అది నేనూ ఒప్పుకుంటా. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పోయేలోపు ఇంకోటి తయారు, ఈ రెండు మూడు నెలలు వంటింట్లో ట్యూబులైటు కింద ఏం పెట్టినా రెక్కలు రాలతాయి. కానీ ఆవిడ మూత పెట్టడానికి పురుగులు కారణం కాదు, ఎండాకాలంలోనూ పెడతారు. ఏది కనిపిస్తే దానికి మూత. పాల గిన్నెకి మూత, మూత ఉన్న పచ్చడి జాడీ మీద ఇంకో మూత, మంచినీళ్ళ బిందె మీద పళ్ళెం, ఆ పళ్ళెం మీద గ్లాసు, ఆ గ్లాసు మీద ఏదైనా పట్టేది దొరికితే అదీ పెడతారు. చల్లారేదాకా ఆగితే ఏం పోతుంది? వేడి ఉండగా మూస్తే వేపుడు కాస్తా ఉడుకు కూర అయిపోతుందని ఇన్నేళ్ళు వంట చేసిన మనిషికి తెలియదా?

ఈయన కొట్టు కట్టేసి తొమ్మిదింటికి వచ్చారు. పప్పుచారులో గుడ్డు నంజుకుని "మెత్తగా ఉన్నా బానే ఉందే" అన్నారు. ఆ "బానే ఉందే" ఉప్పు మర్చిపోయిన చారుకీ వస్తుంది, మాడిన దోశకీ వస్తుంది, దాని వల్ల మనిషికి ఏమీ తెలియదు. పైగా అమ్మా భార్యా ఇద్దరూ వినేలా, ఇద్దరికీ సరిపోయేలా అనడం. నాకు అప్పుడే ఒళ్ళు మండింది, మూత చూసినప్పటికంటే ఎక్కువ.

మా అమ్మ అయితే మూత పెట్టేది కాదు అని రాద్దామనే కూర్చున్నా. మా పుట్టింట్లో, బుచ్చిరెడ్డిపాలెంలో మేము ముగ్గురం పిల్లలం, నాన్న రైసుమిల్లులో. గుడ్లు ఎప్పుడో గానీ వచ్చేవి కాదు, వచ్చినా మనిషికి సగమే. అమ్మ కత్తితో కోసేది కాదు, కత్తికి పచ్చసొన అంటుకుని పోతుందని. కుట్టు మిషన్ మీద నుంచి మూరెడు దారం తెంపి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, గుడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి రెండో కొస లాగేది, గుడ్డు చప్పుడు లేకుండా రెండు ముక్కలయ్యేది, పొడి కూడా రాలేది కాదు. ఆ రోజు మిషన్ మీద ఏ రంగు దారం ఉంటే అదే. ఎవరి జాకెట్టు కుడుతుంటే ఆ రంగు దారంతో మా గుడ్డు తెగేది.

గొడవ అంతా పచ్చసొన దగ్గర. అది ఎప్పుడూ నడిమధ్య ఉండదు, ఉడికేటప్పుడు నీళ్ళలో గుడ్డుని తిప్పుతూ ఉంటే తప్ప ఓ పక్కకి జరిగి ఉంటుంది. కోస్తే ఒక సగంలో నిండుగా, ఇంకో సగంలో చిటికెడు. అందుకని అమ్మ అన్నిటినీ కోసిన వైపు కిందికి పెట్టి వేయించేది. పచ్చసొన నూనెకి తగిలి పైన గట్టి పెచ్చులా కట్టేది, లోపల మెత్తగానే ఉండేది, ఆ రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. అసలు కిటుకు రుచిలో కాదు. బాణలిలో చూస్తే అన్నీ తెల్లటి వీపులే, ఎవరికి ఏది వస్తుందో తెలియదు. ఎవరిది వాళ్ళే ఏరుకోవాలి, గరిటతో ఎత్తాక మాటల్లేవు. మా అన్న మాత్రం బాణలి మీదికి వంగి, అంచు దగ్గర తెల్లసొన పలచగా ఉన్నదాన్ని వెతికేవాడు, అంచు పలచగా ఉంటే పచ్చసొన పెద్దదని లెక్క. వాడు అది మాకు పెళ్ళిళ్ళయ్యేదాకా చెప్పలేదు. చివర్న ఖాళీ బాణలిలో వేడన్నం వేసి, అడుగు కారం అంతా గీకి కలిపి ముద్దలు పెట్టేది. సగం గుడ్డు లోటు ఆ ముద్దలతో తీరిపోయేది.

ఇంతవరకూ రాసి ఆగా. ఎందుకంటే నాన్న వాటా గుర్తొచ్చింది. ధాన్యం వచ్చే రోజుల్లో ఆయన రాత్రి పదికి గానీ వచ్చేవాడు కాదు. ఆయన సగం ఒక గిన్నెలో, గిన్నె మీద మూత, మూత మీద రోకలి. పిల్లి కోసం. కాబట్టి మా అమ్మా మూత పెట్టింది. మాది ఆ మాత్రం కరకరలాడిందంటే మేము పొయ్యి పక్కనే కూర్చుని ఆబగా తినడం వల్లే.

ఇంకోటి కూడా ఉంది. తెల్లసొనలో దాదాపు 90 శాతం నీళ్ళే. నూనెలో ఎండి కరకరలాడేది పైన సన్నటి పొర ఒక్కటే, లోపల ఉన్న తడి ఊరుకోదు, మెల్లగా పైకి వస్తుంది. మూత పెడితే పది నిమిషాల్లో మెత్తబడుతుంది, పెట్టకపోతే గంటో గంటన్నరో. నేను ఆరున్నరకి వేయించా, వీళ్ళు తిన్నది తొమ్మిదిన్నరకి. అంటే ఆవిడ పళ్ళెం బోర్లించకపోయినా ఈయన నోటికి వచ్చేది ఆ మెత్తటి గుడ్డే. ఇందాకటి నుంచి నేను ఆవిడ మీద వేస్తున్న నింద సగానికి సగం ఈ తొమ్మిదిన్నర భోజనానికి పోవాలి. సీరియల్ అయ్యేదాకా ఆవిడ లేవరు, కొట్టు కట్టేదాకా ఈయన రారు, చిన్నోడు ట్యూషన్ నుంచి వచ్చి బిస్కెట్లు తిని ఆకలి లేదంటాడు, నేను మాత్రం ఆరున్నరకే పొయ్యి వెలిగిస్తా. కారం దోశ ఎవరైనా ఆరున్నరకి పోసి తొమ్మిదిన్నరకి తింటారా? ట్రంకు రోడ్డు మీద ఏ బండి దగ్గరైనా మనం నిలబడితేనే కదా వాడు పెనం మీద పిండి తిప్పేది.

అందుకని ఇకనుంచి కంచాలు పెట్టాకే వేయిద్దాం అనుకున్నా. ఉడకబెట్టి, ఒలిచి, గాట్లు పెట్టి సిద్ధంగా ఉంచుకుంటే ఎనిమిది నిమిషాల పని. బాగానే ఉంది కానీ, వాళ్ళు ముగ్గురూ కూర్చుని తింటుంటే తొమ్మిదిన్నరకి మళ్ళీ నూనె ముందు నిలబడేది ఎవరు? చివర్న నా కంచం దగ్గరికి వచ్చేసరికి నా గుడ్డే చల్లారి ఉంటుంది. వద్దు. ఆ ఆలోచన ఇక్కడే వదిలేస్తున్నా.

మిగిలింది జల్లెడ. మూత బదులు జల్లెడ బోర్లిస్తే ఆవిరి పోతుంది, పురుగు పడదు. ఈ మాట రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు అత్తయ్యతో అన్నా. బియ్యప్పిండి జల్లెడ నీసు మీద పెడతావా, సంక్రాంతికి అరిసెల పిండి దాంట్లోనే పట్టాలి అన్నారు. అదీ నిజమే. అయితే నీసుకి వేరే జల్లెడ కొంటా అన్నా. ఆవిడ కాసేపు ఆలోచించి, "పెద్ద కళ్ళది తేబాక, పురుగు దూరుద్ది" అన్నారు.

అంటే ఒప్పుకున్నట్టేనా? రేపు పెద్ద బజారుకి పోయి సన్న కళ్ళది, బాణలి నోరు కొలుచుకుని తెస్తా. దాని మీద కూడా ఏ పళ్ళెమో పెట్టకుండా ఉంటే అదే పదివేలు.