న్యూమార్కెట్‌లో ఒక పొద్దున

ఇంగ్లండ్‌లో గుర్రప్పందేలు చూడాలంటే మధ్యాహ్నం వెళ్తే చాలదు, తెల్లవారగానే వెళ్లాలని కేంబ్రిడ్జ్‌లో ఉంటున్న మా బావ పట్టుబట్టాడు. చీకటితోనే కారులో న్యూమార్కెట్ బయల్దేరాం. దాదాపు 3,000 రేసు గుర్రాలున్న ఊరది. అవి రోడ్డు దాటుతుంటే కార్లన్నీ ఆగిపోతాయి.

వారెన్ హిల్ అనే పచ్చటి గుట్ట పక్కన నిలబడ్డాం. గుర్రాలు జతలు జతలుగా ఎగువకు దౌడు తీస్తున్నాయి. ముందు గిట్టల చప్పుడు, దగ్గరికి వచ్చాక ఊపిరి చప్పుడు. పైన నిలబడ్డ ట్రైనర్లు చూడటమే కాదు, ఆ ఊపిరిని వింటారు కూడా. ఏ గుర్రం తేలిగ్గా ఎక్కింది, ఏది త్వరగా కుదుటపడింది అన్నదాన్ని బట్టే దాన్ని ఏ పందేనికి పంపాలో తేల్చుకుంటారు. వాటి మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది జాకీలు కారు, రోజూ పొద్దున్నే స్వారీ చేసే వర్క్ రైడర్లు. ఇద్దరు హిందీలో మాట్లాడుకుంటూ వెళ్లారు. ఇక్కడి లాయాల్లో మన దేశపు రైడర్లూ పనిచేస్తున్నారు.

నన్ను అంత దూరం లాక్కెళ్లింది ఫ్రాంకెల్. ట్రైనర్ హెన్రీ సెసిల్ ఈ ఊళ్లోనే తయారుచేసిన గుర్రం. 2010 నుంచి 2012 దాకా 14 పందేల్లో పరిగెత్తి, పద్నాలుగూ గెలిచింది. అన్నిట్లోనూ జాకీ టామ్ క్వీలీయే. అయితే చిన్నప్పుడు దానికి ఆగడం తెలియదు. కళ్లెం లాక్కుని, ఉన్న బలమంతా ముందే ఖర్చు చేసేసేది. పొద్దుటి స్వారీల్లో వర్క్ రైడర్ షేన్ ఫెదర్‌స్టన్‌హా ఓపిగ్గా దాన్ని నెమ్మదింపజేశాడు. 2011లో ఇక్కడి రౌలీ మైల్ ట్రాక్ మీద టూ థౌజండ్ గినీస్ అనే పెద్ద పందెంలో మొదటినుంచీ ముందుండి 6 లెంగ్తులతో (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) గెలిచింది. అందరూ చెప్పుకునేది దాని గురించే. నాకు మాత్రం 2012లో యార్క్‌లో గెలిచిన పందెమే గొప్పది. మైలు దాటి పరిగెత్తడం అదే మొదటిసారి. అయినా వెనకే నింపాదిగా ఉండి, చివర్లో 7 లెంగ్తులతో గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో సెసిల్ గొంతు బలహీనపడిపోయింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు. ఎన్నో ఉదయాలు నేర్పిన ఓర్పు ఆ పందెంలో కనిపిస్తుంది.

మధ్యాహ్నం రౌలీ మైల్‌కి వెళ్లాం. ప్యాడాక్‌లో, అంటే పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే చోట, యజమాని రంగుల చొక్కా వేసుకున్న జాకీకి ట్రైనర్ రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి, కాలు పట్టి గుర్రమెక్కిస్తాడు. ఒక్కోసారి ఆ జాకీ ఆ గుర్రాన్ని ఎక్కడం అదే మొదటిసారి. కొరడా కూడా ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. ఫ్లాట్ పందేల్లో, అంటే అడ్డంకులు దూకే పని లేని పందేల్లో, ఆరు దెబ్బలకు మించితే శిక్ష పడుతుంది. పందెం అయ్యాక జాకీ దిగీ దిగగానే ట్రైనర్‌తో మాట్లాడతాడు: నేల నచ్చిందా, దూరం సరిపోయిందా, ఎక్కడ తడబడింది. తర్వాతి పందెం ఏదో చాలావరకు అక్కడే తేలుతుంది.

ఇంకో పందేనికి ముందు, గుర్రాన్ని అందంగా ముస్తాబు చేసినందుకు దాన్ని నడిపిస్తున్న అమ్మాయికి బహుమతి ప్రకటించారు. పొద్దున్నుంచీ దాని ఒళ్లు తోమి, జూలు అల్లింది ఆ అమ్మాయే. బావా నేనూ గట్టిగా చప్పట్లు కొట్టాం.