ఆరో నంబరు సొరంగంలో నాన్నగారు

కిందటి సెప్టెంబరులో మా నాన్నగారు మా దగ్గరకు వచ్చినప్పుడు ఆయనను కాలిఫోర్నియాలోని డానర్ కనుమకు తీసుకువెళ్ళాను. సియెర్రా నెవాడా కొండల నెత్తిన, దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తులో, అమెరికా తూర్పు పడమరలను కలిపిన తొలి రైలుమార్గం కోసం సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ తొలిపించిన ఆరో నంబరు సొరంగం అక్కడే ఉంది. 1993లో పట్టాలు తీసివేశారు కనుక ఇప్పుడు దానిలో నడిచి వెళ్ళవచ్చు. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కాలువ గట్టు చూసినా, రాతికట్టడం చూసినా ఆయన ముందుగా అడిగేది ఒక్కటే: "ఎంతమంది కూలీలమ్మా? కూలి ఎంత?"

ఆ లెక్క చెప్పడం కష్టం కాదు. తెల్ల కూలీలు చాలినంతమంది దొరకక 1865లో కంపెనీ యాభై మంది చైనావాళ్ళను పరీక్షగా పనిలో పెట్టుకుంది. ఈ సన్నటి మనుషులు రాతిపని ఏం చేయగలరని పనుల పర్యవేక్షకుడు స్ట్రోబ్రిడ్జ్ మొదట ఒప్పుకోలేదు. కంపెనీ భాగస్వామి చార్లెస్ క్రాకర్ పట్టుబట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళ సంఖ్య పదివేలు దాటింది, మొత్తం కూలీలలో పదింట తొమ్మిదిమంది వాళ్ళే అయ్యారు. జీతం మొదట నెలకు 26 డాలర్లు, పెరిగి పెరిగి 1867 నాటికి 35. తెల్లవారికీ ఇంచుమించు అంతే ఇచ్చేవారు, కానీ వారి తిండీ బసా కంపెనీ ఖర్చు; చైనావాళ్ళ తిండి వాళ్ళ జీతంలోంచే.

వచ్చినవారిలో ఎక్కువమంది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పక్కపక్కన ఉన్న నాలుగు జిల్లాల వాళ్ళు. ఒకవైపు తైపింగ్ తిరుగుబాటు, మరోవైపు స్థానికులకూ, బయటినుంచి వలసవచ్చిన హక్కా ప్రజలకూ మధ్య ఏళ్ళ తరబడి సాగిన పోరాటాలు ఆ పల్లెలను పీల్చి పిప్పి చేయగా, ఇరవై ఏళ్ళు నిండీ నిండని కుర్రవాళ్ళు ఓడ టిక్కెట్టు అప్పుగా తీసుకుని హాంకాంగ్ రేవులో ఓడ ఎక్కేవారు. కాలిఫోర్నియాకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'గామ్ సాన్', అంటే బంగారు కొండ. మన అమ్మలు బిడ్డను ముద్దుచేసే మాటే అక్కడ బిడ్డను దూరం చేసిన ఊరి పేరు కావడం నాకు విన్న రోజు నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ కుర్రవాళ్ళకు దొరికింది మాత్రం నల్లరాతి కొండ. సొరంగం పొడవు 1,659 అడుగులు. రెండు కొసల నుంచి తొలుస్తూనే, నడిమధ్యన పైనుంచి ఒక నుయ్యి తవ్వి, అందులోకి దిగి అటూ ఇటూ తొలిచారు. అంటే ఒకేసారి నాలుగు ముఖాల మీద పని. ఒకడు ఉక్కు గునపాన్ని రాతికి ఆనించి, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త తిప్పుతూ పట్టుకుంటే, ఇద్దరు వంతులవారీగా సమ్మెట వేసేవారు. రంధ్రం తగినంత లోతు దిగాక మందుగుండు కూరి, వత్తి వెలిగించి పరుగెత్తేవారు. ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు, రాత్రీ పగలూ పనిచేసినా ఒక్కో ముఖం రోజుకు అడుగు పైచిలుకు మాత్రమే సాగేది. 1867లో అక్కడికక్కడే నైట్రోగ్లిజరిన్ తయారుచేసి వాడడం మొదలుపెట్టాక అది అడుగున్నర దాటింది. ఆ ఆగస్టులో రెండు వైపుల తొలిపు కలిసినప్పుడు తేడా సుమారు రెండు అంగుళాలని చెబితే, నాన్నగారు నిలబడిపోయి, "గంటర్ సర్వే గొలుసుతో కొలిచే రోజుల్లోనా!" అన్నారు.

ఆయన రెండో ప్రశ్న: "మరి అన్నం ఎవరు వండేవారు?" ప్రతి ముఠాకూ ఒక వంటవాడు ఉండేవాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బియ్యం, ఎండుచేపలు, ఎండు పుట్టగొడుగులు, టీ ఆకు తెప్పించుకునేవారు. ఖాళీ మందుగుండు పీపాలను కడిగి, వాటిలో కాచిన టీ నింపి, కావడిలో మోసుకుంటూ పనిచోటికి తెచ్చి ఇచ్చేవాడు ఒక కుర్రాడు. కాచిన నీళ్ళు తాగడం వలన, వాగునీళ్ళు తాగే తెల్ల కూలీలతో పోలిస్తే వీళ్ళకు విరేచనాల రోగాలు తక్కువ.

ఏం తిన్నారో ఇంత వివరంగా తెలిసిన మనుషుల పేర్లు మాత్రం తెలియవు. కంపెనీ జీతం ముఠా మొత్తానికి కలిపి మేస్త్రీ చేతికి ఇచ్చేది, అందుచేత పద్దులో మేస్త్రీ పేరే ఉంటుంది. ఆ యాభై మందికంటే ముందే, 1864 జనవరి నాటి పద్దులో కనిపించే హంగ్ వా అలాంటి మేస్త్రీ. అక్కడక్కడా 'ఆ' అనే అక్షరంతో మొదలయ్యే పేర్లున్నాయి. కాంటనీస్‌లో అది చనువుగా పిలిచేటప్పుడు పేరు ముందు చేర్చే మాట. మన ఊళ్ళో 'ఒరేయ్ రాముడూ' అన్న పిలుపు విని గుమాస్తా 'ఒరేయ్' అని ఇంటిపేరు రాసుకున్నట్టన్నమాట. వాళ్ళలో ఒక్కడు రాసిన ఉత్తరం కాని, దినచర్య కాని ఇంతవరకు దొరకలేదు. 2012 నుంచి వెతికిన పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు. ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన లీలాండ్ స్టాన్‌ఫర్డే ఆ రైల్వే కంపెనీ అధ్యక్షుడు.

1866–67 చలికాలంలో నలభై నాలుగు మంచు తుపాన్లు వచ్చాయని అక్కడ పనిచేసిన ఇంజనీరు గిల్లిస్ లెక్కపెట్టి రాశాడు. మంచు కింద గుహలు తవ్వుకుని వాటిలోంచే సొరంగానికి వెళ్ళివచ్చేవారు. మంచుచరియ విరిగిపడిన ఒక సంఘటన గురించి చెబుతూ ఆయనే 'పదిహేనో ఇరవయ్యో మంది చైనావాళ్ళు' చనిపోయారని రాశాడు. తుపాన్లకు కచ్చితమైన అంకె ఉంది. ఆ 'పదిహేనో ఇరవయ్యో' దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

వాళ్ళు నోరు మెదపని మనుషులనే మాట సరికాదు. 1867 జూన్ చివరి వారంలో మూడు వేలమందికి పైగా ఒకేసారి పని ఆపి, నెలకు 40 డాలర్లూ, పనిగంటల తగ్గింపూ అడిగారు. గొడవ లేదు, కేక లేదు. పనిచోటంతా ఆదివారంలా ఉందని క్రాకర్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆయన సరుకులు రాకుండా ఆపించాడు. వారం రోజులకు ఆకలి గెలిచింది.

1869 ఏప్రిల్ 28న ఒక్కరోజులో పది మైళ్ళ పట్టాలు వేసినప్పుడు, పట్టాలు మోసిన ఎనిమిదిమంది ఐరిష్ వాళ్ళ పేర్లు నమోదయ్యాయి. మిగతా పనంతా చేసిన వేలాదిమంది చైనావాళ్ళవి కాలేదు. మే 10న యూటాలోని ప్రామంటరీలో తూర్పు పడమరల పట్టాలు కలిసినచోట బంగారు మేకు దిగింది. 1882లో చైనా కూలీలు ఇక రాకూడదని చట్టం వచ్చింది. చనిపోయినవారి ఎముకలను ఏరి ఊరికి పంపడం వాళ్ళ ఆచారం. మనం అస్థికలను ఊరి నుంచి గోదావరికి తీసుకుపోతాం. వాళ్ళవి సముద్రం దాటి ఊరి మట్టిని చేరాలి.

ఇది చెప్పినప్పుడు నాన్నగారు మా ముత్తాత మాట ఎత్తారు. మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని బర్మాలోని రంగం (రంగూన్) వెళ్ళి, అక్కడి రేవులో మూటలు మోసిన మనిషి. ఆయన తిరిగిరాలేదు, ఉత్తరమూ లేదు. "కోరంగి రేవు పేరు మీద, అక్కడ మనవాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారట," అన్నారు, "కోరంగి ఎక్కడో, మన ఊరెక్కడో."

సొరంగం మధ్యకు వచ్చేసరికి పైనున్న నూతిలోంచి కొంచెం వెలుతురు పడుతోంది. గోడలో ఒకచోట సగానికి చీలిన గునపం గాడి నిలువుగా మిగిలి ఉంది. నాన్నగారు అందులో చూపుడువేలు పెట్టి, పైనుంచి కిందివరకు మెల్లగా జార్చి, "ఇది పట్టుకున్నవాడు కుడిచేతివాటం వాడో, ఎడమచేతివాటం వాడో," అని తనలో తను అనుకుని, సెల్‌ఫోను దీపం తిప్పి పక్క గాడి కోసం వెతకసాగారు.