పాత స్కజీ డ్రైవ్‌కి జంపర్లు పెట్టేముందు

స్కజీ (SCSI, ఒకే కేబుల్ మీద చాలా పరికరాల్ని కంప్యూటర్‌కి కలిపే పాత పద్ధతి) హార్డ్ డిస్కులు ఇంకా ఎవరి దగ్గరున్నాయని అడిగేవాళ్ళు మా ఏలూరు రోడ్డు పబ్లిషర్ల బీరువాలు చూడలేదన్నమాట. 90ల్లో బెజవాడలో డీటీపీ పెట్టినవాళ్ళలో కాస్త పెద్ద పనులు పట్టినవాళ్ళు స్కానరు కోసమో, బరువైన ఫైళ్ళ కోసమో స్కజీ కార్డు వేయించుకున్నారు. ఆ మెషీన్లు ఎప్పుడో పాత సామానుకి పోయాయి. డ్రైవులు మాత్రం దాచారు. ఏ పుస్తకమో రీప్రింటు వేద్దామనుకున్న రోజున అవి గవర్నర్‌పేటలో నా షాపుకి వస్తాయి.

మొన్నొకాయన తెచ్చింది సీగేట్ బర్రాకుడా, 50 పిన్నులది. "తిరగట్లేదండీ, మోటారు పోయిందన్నారు. మా నాన్నగారు వేసిన శతకాల పేజీలన్నీ ఇందులోనే ఉన్నాయి, చూడండి బాబూ" అన్నారు. కరెంటు ఇస్తే నిజంగానే చప్పుడు లేదు. తిప్పి చూస్తే ఆప్షన్ల పిన్నుల వరసలో ఎంఈ అన్నచోట జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఉంది. అది ఉంటే డ్రైవ్ తనంతట తాను తిరగదు, తిరగమని కార్డు ఆజ్ఞ పంపేదాకా ఆగుతుంది. ఒకే పెట్టెలో నాలుగైదు డ్రైవులు ఒక్కసారిగా లేస్తే 12 వోల్టుల లైను మీద భారం పడుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. పక్కనే ఉండే డీఎస్ కూడా అలాంటిదే, ఐడీ అంకెను (కేబుల్ మీద ఆ డ్రైవ్ నంబరు) బట్టి కొంత ఆగి మోటారు తిప్పుతుంది. ఎంఈ జంపర్ తీసి మళ్ళీ కరెంటిచ్చాను. డ్రైవ్ లేచింది. ఆయన ముఖం చూడాలి ఆ క్షణంలో! తీయడం ఇష్టం లేకపోతే అడాప్టెక్ కార్డుల్లో మెషీన్ లేచేటప్పుడు కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కి, సెండ్ స్టార్ట్ యూనిట్ కమాండ్ అన్నదాన్ని ఆ ఐడీకి యెస్ (Yes) చేసినా సరిపోతుంది.

అసలు ఈ పోస్టు రాస్తున్నది ఇందుకే. స్కజీలో చాలా జంపర్లు ఆ డ్రైవ్ ఒక్కదాని వ్యవహారం కాదు. ఆ కేబుల్ మీద ఇంకెవరున్నారు, ఇది ఎక్కడ కూర్చుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒక మెషీన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన డ్రైవ్ ఇంకో మెషీన్‌లో మొరాయిస్తుంది. డ్రైవ్ పోయిందని పక్కన పడేసేముందు ఈ సంగతి చూడాలి.

ఐడీ తేలిక. మూడు జతల పిన్నులకి విలువలు 1, 2, 4. జంపర్ పెట్టినవాటి విలువలు కూడితే ఐడీ. ఏదీ పెట్టకపోతే 0, ఒకటోదీ మూడోదీ పెడితే 5. 68 పిన్నుల వైడ్ డ్రైవ్‌కి నాలుగో జత ఉంటుంది, దాని విలువ 8, కాబట్టి 15 దాకా వెళ్ళొచ్చు. ఏ చివర నుంచి లెక్కపెట్టాలో కంపెనీ కంపెనీకీ మారుతుంది, డ్రైవ్ మీది లేబులే ప్రమాణం. 7 జోలికి పోకండి, మామూలుగా అది కార్డుది. డ్రైవ్‌కి కూడా 7 ఇస్తే మెషీన్ బిగుసుకుపోతుంది, లేదంటే ఒక్క డ్రైవే అన్ని ఐడీల్లోనూ కనిపిస్తుంది. ఇంకొకటి, వైడ్‌లో 15 పెద్ద అంకె కదా అని కేబుల్ వాడుకోవడంలో దానికి ముందు వంతు రాదు. వరస 7 నుంచి 0 దాకా, ఆ తర్వాతే 15 నుంచి 8.

మనుషుల్ని ఏడిపించేది టర్మినేషన్. కేబుల్ రెండు చివర్లా టర్మినేటర్ (సిగ్నల్‌ని చివర్లో పీల్చేసుకునే భాగం) ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు. చివర టర్మినేటర్ లేకపోతే సిగ్నల్ కాలవ గట్టుకి కొట్టుకున్న అలలా వెనక్కి తిరుగుతుంది. దీనిలో మోసం ఏమిటంటే, పొట్టి కేబుల్ మీద, తక్కువ వేగంలో టర్మినేటర్ లేకపోయినా డ్రైవ్ కనిపిస్తుంది. చిన్న ఫైళ్ళు వచ్చేస్తాయి. పెద్ద స్కాన్ ఫైలు సగంలో ఉండగా ఎర్రర్ కొడుతుంది, అప్పుడు డిస్కులో బ్యాడ్ సెక్టార్లని నమ్మేస్తాం. ఈయన డ్రైవ్‌కి టీఈ జంపర్ (డ్రైవ్‌లోని టర్మినేటర్‌ని ఆన్ చేసేది) లేదు. పాత మెషీన్‌లో అది కేబుల్ మధ్యలో ఉండేదని దాన్నిబట్టే అనుకున్నాను. నా దగ్గర అది ఒక్కటే, చివరన ఉంది, కాబట్టి పెట్టాను. రెండో చివర కార్డే, దాని టర్మినేషన్ ఆన్. అదే కార్డుకి బయటి నుంచి స్కానరు కూడా తగిలిస్తే కార్డు మధ్యలోకి వచ్చేస్తుంది, అప్పుడు కార్డుది ఆఫ్ చేసి స్కానరు దగ్గర పెట్టాలి. టర్మినేటర్‌కి కరెంటు ఎవరో ఒకరు ఇవ్వాలి, మామూలుగా కార్డు ఇస్తుంది. అది ఇవ్వకపోతేనే డ్రైవ్ మీది టీపీ (టర్మినేటర్ పవర్) జంపర్లు చూసుకోండి.

తర్వాత వచ్చిన ఎల్‌వీడీ (తక్కువ వోల్టేజీతో పనిచేసే వేగమైన రకం) డ్రైవుల్లో టీఈ కోసం వెతక్కండి, ఉండదు. కేబుల్ చివర విడిగా టర్మినేటర్ దిమ్మ తగిలించాల్సిందే. వాటిలో ఫోర్స్ ఎస్‌ఈ (బలవంతంగా పాత సింగిల్ ఎండెడ్ పద్ధతిలోకి దింపేది) అన్న జంపర్ ఉంటే తీసేయండి. అది ఒక్క డ్రైవ్‌కి ఉన్నా కేబుల్ మొత్తం సెకనుకి 40 మెగాబైట్లకి పడిపోతుంది. 80 పిన్నుల డ్రైవులకి ఐడీ జంపర్లు వాటిని కేబుల్‌కి కలిపే అడాప్టర్ మీద ఉంటాయి.

ఏది ముట్టుకున్నా ముందు ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి, కరెంటు ఆపండి. సీగేట్ వాటిలో చాలావాటికి 2 మిల్లీమీటర్ల చిన్న జంపర్లు పడతాయి, మామూలు మదర్‌బోర్డువి పట్టవు. తీసినదాన్ని ఒక్క పిన్నుకి వేలాడదీస్తే పోదు, కనెక్షనూ కలవదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది డబ్ల్యూపీ జంపర్. అది పెడితే డ్రైవ్ మీద ఎవరూ ఏమీ రాయలేరు. ఇలాంటి పాత సరుకు చదివేటప్పుడు అది లేకుండా నేను కేబుల్ తగిలించను. అది పెట్టి, లైనక్స్‌లో డీడీ అన్న కమాండ్‌తో డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా (ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా) తీసి, ఆ కాపీలోనే పేజ్‌మేకర్ ఫైళ్ళు వెతికాను. శతకాలు దొరికాయి. ఫాంట్ల ఫోల్డరు కూడా అడిగి మరీ తీసిచ్చాను, ఎందుకంటే అవి యూనికోడ్‌కి ముందటి ఫాంట్లు. అవి లేకుండా పేజీ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. మీరు కాపీ చేసేటప్పుడు ఆ ఫోల్డరు మర్చిపోకండి.