అయస్కాంతానికి అంటుకున్న తీగ

మేం అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం పడమటి వైపు ఒక చిన్న ఊరికి వచ్చింది 2018లో. మావారు డాక్టరు. శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లక్కర్లేదని ఇచ్చే జె-1 వెయివర్ మీద అక్కడి ఆసుపత్రిలో మూడేళ్ల ఉద్యోగం. ఇల్లు ఊరికి 9 మైళ్ల అవతల, చుట్టూ గోధుమ చేలు. ఫైబర్ అక్కడిదాకా రాలేదు. మాకున్న దారల్లా శాటిలైట్ ఇంటర్నెట్.

కంపెనీ పంపిన మనిషి దక్షిణం గోడకి డిష్ బిగించి, గోడలో ముందునుంచీ ఉన్న పాత టీవీ కేబుల్‌కే కలిపేసి వెళ్లిపోయాడు. లైట్లన్నీ వెలిగాయి, పేజీలు తెరుచుకున్నాయి. కానీ అమ్మకి బాబు వీడియో పంపబోతే చాలు, మోడెమ్ ఆగిపోయి మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది. రాత్రి డ్యూటీలో మావారు ఇంటినుంచే రిపోర్టులు చూసి జవాబివ్వాలి. ఆ సమయంలో ఇలా ఆగితే ఎంత టెన్షనో చెప్పలేను.

తెనాలి దగ్గర మా బాబాయి పాతికేళ్లు కేబుల్ టీవీ నడిపాడు. ఫోన్ చేశాను.

"బాబాయ్, చూస్తే బాగానే వస్తోంది. మనం ఏదైనా పంపితేనే పడిపోతోంది."

"ఇంట్లో అయస్కాంతం ఉందామ్మా?"

ఫ్రిజ్ మీదున్నది తీశాను. మోడెమ్ ప్లగ్గు పీకేసి, కేబుల్ విప్పి, నడిమి తీగ కొస దగ్గర పెట్టాను. టక్కున అంటుకుంది.

"అయితే లోపల ఉక్కు. పైన రాగి పూతంతే. టీవీకి సరిపోతుంది, దీనికి చాలదు," అన్నాడు.

ఎందుకు చాలదో ఆయన చెప్పాకే నాకు అర్థమైంది. సిగ్నల్ ఫ్రీక్వెన్సీ చాలా ఎక్కువ కాబట్టి అది తీగ పైపొరలోనే పరిగెడుతుంది, దానికి రాగి పూత చాలు. కానీ డిష్ దగ్గరున్న ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు కూడా మోడెమ్ నుంచి ఇదే కేబుల్లో వెళ్లాలి. డీసీ కరెంటు తీగ మందమంతా పారుతుంది, అక్కడున్నదేమో ఉక్కు. ఉక్కు రాగి కన్నా కరెంటుని చాలా ఎక్కువగా అడ్డుకుంటుంది. టీవీ డిష్‌లో సిగ్నల్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పెట్టె 13 వోల్టులో 18 వోల్టులో తీసుకుని కొంచెం కరెంటుతో సరిపెట్టుకుంటుంది. 35,786 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహానికి మన డేటా ఎక్కించడం అలాంటి పని కాదు. పంపే క్షణంలో ట్రాన్స్‌మిటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, సరిగ్గా అప్పుడే ఆ పొడుగాటి కేబుల్లో వోల్టేజి పడిపోతుంది.

నడిమి తీగ మొత్తం రాగితో చేసిన ఆర్‌జీ-6 రకం కేబుల్ తెప్పించాను. డిష్ జోలికి మాత్రం పోలేదు. అది ప్రసారం చేసే పరికరం, దాన్ని గురిపెట్టడం వాళ్ల పనే.

బ్రేకర్ ఆపి, గోడలో కరెంటు వైర్లు లేని చోటు చూసుకుని, 10 మిల్లీమీటర్ల బిట్‌తో కన్నం పెట్టాను. బయటివైపుకి కాస్త వాలుగా పెట్టాలి, లేకపోతే వాన నీళ్లు గోడలోకి దిగుతాయి. కేబుల్ కన్నంలోకి దూరేముందు బయట కిందికి వేలాడేలా ఒక వంపు ఉంచితే నీళ్లు ఆ వంపులోంచే నేలకి జారిపోతాయి. చుట్టూ సిలికాన్ పూశాను.

కనెక్టర్లకే ఎక్కువ సమయం పట్టింది. పైతొడుగు ఒలిచి, జల్లెడలా అల్లిన తీగల్ని వెనక్కి మడిచి, కంప్రెషన్ కనెక్టర్ ఎక్కించి నొక్కాలి. ఆ అల్లికలో వెంట్రుకంత పోగు నడిమి తీగకి తగిలినా షార్టే. మూడు ముక్కల మీద చెయ్యి తిరిగాకే అసలు కేబుల్ కోశాను. గోడవెంట బిగించేటప్పుడు మేకుతో నొక్కకూడదు. కేబుల్ నలిగిన చోట, సిగ్నల్‌కి అంతటా ఒకేలా ఉండాల్సిన దాని 75 ఓమ్స్ ఇంపిడెన్స్ మారిపోయి సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది.

అంతకు ముందు ఎర్తింగే పెట్టలేదని అప్పుడే గమనించి ఒళ్లు జలదరించింది. కాన్సాస్‌లో వేసవి వస్తే పిడుగులు మామూలు. "ఒక్క పిడుగుకి వీధి వీధంతా టీవీలు పోయాయమ్మా," అని బాబాయి గుర్తుచేశాడు. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోటే, దాని పై అల్లికని ఎర్త్‌కి కలిపే గ్రౌండింగ్ బ్లాక్ పెట్టి, 10 గేజ్ రాగి తీగతో ఇంటి కరెంటు మీటర్ ఎర్త్‌కే కలిపించాను. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేశాడు. విడిగా ఇంకో కడ్డీ పాతి వదిలేస్తే పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా వచ్చి, అది మోడెమ్ గుండానే పారుతుంది.

ఆ రాత్రి బాబాయికి వీడియో కాల్ చేశాను. మాట అంత ఎత్తుకి వెళ్లి జవాబు దిగడానికి అర సెకను పైనే పడుతుంది, అందుకని ఒకరు ముగించాక ఒకరం మాట్లాడుకున్నాం. కాల్ ఒక్కసారీ తెగలేదు. "బయట గోడ చూపించు," అన్నాడు. టార్చి వేసి చూపించాను. కాసేపు పరకాయించి చూసి, వంపు ఇంకో బెత్తెడు కిందికి దించమన్నాడు. ఫోన్ పెట్టకుండానే దించాను.