ఎఫ్ కార్డ్‌తో నా గొడవ

34 ఏళ్ల వయసులో గిటార్ కొనుక్కొచ్చానంటే మా అమ్మ "గిప్పుడు గిదెందుకురా" అంది, నా దగ్గర జవాబు లేదు. హన్మకొండలో మా డాబా మీద రోజూ రాత్రి అన్నం తిన్నాక ఓ 20 నిమిషాలు వాయిస్తా, కరెంటు పోయినా సరే.

మొదటి నెలంతా సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) నుంచి జి కార్డ్‌కి మారడంతోనే సరిపోయింది. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని తాళం వేసేది) నిమిషానికి 60 బీట్ల మీద పెట్టుకుని నాలుగు బీట్లకోసారి కార్డ్ మార్చేవాడిని. పరమ బోరు, కానీ చేయి కుదిరింది దానివల్లే.

అసలు టెన్షన్ ఎఫ్‌తో. చూపుడు వేలు ఒక్కటే ఆరు స్ట్రింగుల మీదా అడ్డంగా పడుకోవాలి. నాకు రెండు మోగేవి, మిగతావి తడిసిన డప్పులా టప్‌టప్‌మనేవి. గట్టిగా నొక్కడమే మందనుకుని మణికట్టు నొప్పి తెచ్చుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే, నట్ (గిటార్ మెడ చివర స్ట్రింగులు ఆనుకునే పట్టీ) పక్కనే స్ట్రింగులు నొక్కడం కష్టం, అందుకని అదే ఆకారాన్ని ముందు ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీ) దగ్గర పట్టి (అక్కడది ఎ కార్డ్ అవుతుంది), వేలిని కాస్త పక్కకు, ఎముక వైపుకు దొర్లించి, ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా పెట్టాలి. అలా వారానికో ఫ్రెట్ చొప్పున వెనక్కి జరిగా.

మొన్న ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీద ఫ్రెండ్స్ ముందు ఎఫ్ మోగించా. ఎవడూ పట్టించుకోలేదు, మిర్చి బజ్జీల గొడవలో ఉన్నారు. రెండో స్ట్రింగ్ మాత్రం ఇంకా జుయ్‌మంటోంది.