ఉప్పలపాడు చెరువు గట్టు మీద

గుంటూరుకు చేరువలోని ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో ఈ ఆదివారం మా స్వచ్ఛంద బృందంతో కలిసి పనిచేశాను. చెరువులోని సర్కారు తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇరుకిరుకుగా గూళ్లు కట్టుకుంటాయి. చెట్లు చాలక నీటిలో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. మనుషుల అలికిడికి పెద్దపక్షులు లేచిపోతే గూళ్లలోని పిల్లలు ఎండకు తాళలేవు, కాకులు కూడా కాచుకుని ఉంటాయి కనుక, మేము నీటి అంచుకు వెళ్లకుండా గట్టు మీదే, గొంతు తగ్గించుకుని, ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఏరాము. తుమ్మకొమ్మకు చిక్కుకున్న నైలాన్ దారాన్ని ఒక విద్యార్థిని, ముళ్లు గుచ్చుకుంటున్నా, ఓపికగా విప్పి తీసింది. పక్షి కాలికి చుట్టుకుంటే ఆ దారమే ఉరి అవుతుంది. నిజానికి ఈ పక్షులను ఇన్నేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నది ఊరివాళ్లే. చూడటానికి వెళ్లేవారు మీ చెత్తను మీతోనే తెచ్చేసుకోండి.