పారిస్ వంటకు అలవాటు పడ్డానిలా

ఉద్యోగం మీద పారిస్ వచ్చిన కొత్తలో వండుకోవడం కన్నా కొనుక్కోవడమే పెద్ద పరీక్ష అయింది నాకు. పప్పన్నానికి దిగుల్లేదు. లా షపెల్ మెట్రో దగ్గర శ్రీలంక తమిళుల కొట్లలో కరివేపాకు, చింతపండు, అన్నీ దొరుకుతాయి. కానీ ప్రతిదానికీ అంత దూరం పోలేం కదా! ఇంటి చుట్టుపక్కల దొరికేవాటితో వండుకోవాలి, ఆఫీసువాళ్లు భోజనానికి పిలిస్తే తినగలగాలి. నేను మాంసం ముట్టను. గుడ్డు, పాలు పరవాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. గుడ్డు, క్రీమ్ పోసి కాల్చే కీష్ కొరికినా, పప్పు సలాడ్ కలిపినా లార్డాన్ అనే పంది మాంసం ముక్కలు తగులుతాయి.

సరుకులకు అలీగ్ర్ సంతకు వెళ్లడం మొదలుపెట్టాను. సోమవారం తప్ప రోజూ పొద్దున ఉంటుంది. బోంజూర్ (నమస్కారం) అనకుండా నేరుగా ‘కిలో ఇవ్వండి’ అంటే అక్కడ మొహం మాడ్చుకుంటారు. బెండకాయ కొస విరిచి చూసే మన చేతులకు ఇంకో కష్టం, చాలా దుకాణాల్లో సరుకు మనం ముట్టుకోకూడదు. ఏరి ఇచ్చేది వాళ్లే. దీనికి మొదట ఒళ్లు మండేది. ఒకసారి కర్బూజా అడిగితే, ‘ఈరోజుకా, రేపటికా?’ అన్నాడు దుకాణదారు. ఈరోజుకే అన్నాను. నాలుగైదు కాయలు తొడిమ వైపు వాసన చూసి ఒకటి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నేను బేరం, ఎంపిక రెండూ మానేశాను. కామెంబేర్ చీజ్ కొన్నా ఇదే ప్రశ్న. డబ్బా మూత తీసి, బొటనవేలితో మధ్యలో నొక్కి చూసి మరీ ఇస్తారు. ఒంటిగంట దాటాక దుకాణాలు కట్టేసే వేళ కేకలు పెరుగుతాయి, ధరలు తగ్గుతాయి. ఆదివారం నేను వెళ్లేది అప్పుడే.

వంట నేర్పింది మా కింది అంతస్తు మదాం. గ్రెనోబుల్ వైపు మనిషి, కాబట్టి మొదటి పాఠం వాళ్ల ప్రాంతపు బంగాళాదుంపల వంటకం గ్రాతాన్ దోఫినువా. బంగాళాదుంపలు పల్చటి చక్రాల్లా తరిగి, అలవాటు ప్రకారం నీళ్ల గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఆవిడ గిన్నె అవతలకి జరిపేసింది. తరిగాక కడిగితే గంజి పోతుందట, ఆ గంజే పాలను చిక్కబరుస్తుంది. వెల్లుల్లి రెబ్బను సగానికి కోసి, అది అరిగి తొక్కలా మిగిలేదాకా మట్టి పళ్లెం లోపలంతా రుద్దింది. దుంపలు పరిచి పాలు, క్రీమ్, ఉప్పు, కాస్త తురిమిన జాజికాయ వేసి 160 డిగ్రీల ఓవెన్‌లో గంట పైనే ఉంచాలి. పైన చీజ్ చల్లకూడదు. చల్లేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆవిడ దృష్టిలో అది వేరే వంటకం. పచ్చిమిర్చి గురించి అడిగే ధైర్యం నాకు రాలేదు.

తర్వాత సలాడ్. గిన్నె అడుగున చెంచాడు ఆవాల ముద్ద, ఉప్పు, ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నూనె వేసి గిలక్కొట్టాలి. ఆకులు తినబోయే ముందే కలపాలి, లేకపోతే వాడిపోతాయి. ఆపైన చీజ్, చివర్లో పండో పెరుగో. బాగెత్ అనే పొడవాటి బ్రెడ్ ముక్క పళ్లెంలో కాదు, పక్కన బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. ఆ బాగెత్ కూడా ‘త్రాదిసియోన్’, అంటే సంప్రదాయ పద్ధతిది, అని అడిగి కొనాలి. 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అందులో అదనపు రసాయనాలు కలపకూడదు, పిండి ముద్దను ఫ్రీజ్ చేయకూడదు. ధర కాస్త ఎక్కువే, తేడా మొదటి ముక్కకే తెలుస్తుంది.

రోజువారీ భోజనం ఇంతే: సూప్ లేదా ఆమ్లెట్, సలాడ్, బ్రెడ్, పెరుగు. హోటల్ ఫ్రెంచ్ వంట చూసి భయపడేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఎవరైనా ఇంటికి పిలిస్తే లార్డాన్ విషయం ముందురోజే చెప్పేస్తాను, మొహమాటపడను. విడిగా వండి పెడతారు, ఏమీ అనుకోరు. ఒక్క జాగ్రత్త మాత్రం మానలేదు. ఎనిమిదికి రమ్మంటే వడ్డన తొమ్మిదికి గానీ మొదలవదు. అందుకే బయల్దేరే ముందు ఇంట్లో ఓ కప్పు పెరుగన్నం తినేసి వెళ్తాను.